ఎన్టీ 4.1 వచ్చింది: నిప్ట్ సరిపోతుందా, సూది పరీక్ష తప్పదా?

కొత్తచిగురు
12 వారాల 5 రోజులకి తీసిన స్కాన్. సీఆర్‌ఎల్ (తల నుంచి పిరుదుల దాకా బిడ్డ పొడవు) 64 మి.మీ., ఎన్టీ 4.1 మి.మీ., ముక్కు ఎముక కనిపిస్తోంది. వయసు 27. రిపోర్టు కింద ఒకటే వాక్యం: "ఎన్టీ పెరిగింది, తదుపరి పరీక్షలు అవసరం." ఏ పరీక్షలో రాయలేదు, కాగితం చేతిలో పెట్టి పంపేశారు. ఒక డాక్టరు నిప్ట్ (తల్లి రక్తంతో చేసే పరీక్ష) చాలన్నారు. ఇంకొకరు నిప్ట్ దండగ, నేరుగా సూది పరీక్షకి (కడుపులోకి సూది వేసి ఉమ్మనీరో మాయ ముక్కో తీసేది) రమ్మన్నారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే కదా, ఇంత తేడా ఎందుకు? 4.1 అంటే ఎంత భయపడాలి?

స్కాన్‌గది
ముందు ఆ 4.1 సరిగ్గా కొలిచిందేనా అన్నది తేల్చుకోండి. ఎన్టీ అంటే బిడ్డ మెడ వెనక, చర్మం కింద ఉండే నీటి పొర మందం. అది ప్రతి బిడ్డకీ ఉంటుంది. సీఆర్‌ఎల్ 45 నుంచి 84 మి.మీ. మధ్య ఉన్నప్పుడే ఆ కొలతకి విలువ. మీది 64 కాబట్టి ఆ పేచీ లేదు.

ఇక ఫొటో తీసి చూడండి. తెరంతా బిడ్డ తల, ఛాతీ పైభాగం మాత్రమే నిండి ఉండాలి. ఒళ్లంతా చిన్నగా కనిపిస్తుంటే ఆ కొలతని నమ్మలేం. బిడ్డ పక్క నుంచి కనిపించాలి, మెడ తిన్నగా ఉండాలి. తల వెనక్కి వాల్చి ఉంటే ఎన్టీ 0.6 మి.మీ. దాకా ఎక్కువ వస్తుంది, గడ్డం ఛాతీకి ఆనించి ఉంటే 0.4 దాకా తక్కువ వస్తుంది. కొలత గుర్తులు నల్ల గీతకి రెండు పక్కలా ఉన్న తెల్ల అంచుల మీద ఆనాలి, బయటికి జరగకూడదు. ఉమ్మనీటి సంచి పొర కూడా మెడ వెనక సన్నటి తెల్ల గీతలాగే కనిపిస్తుంది, దాన్ని చర్మం అనుకుని కొలిచేస్తే అంకె పెరిగిపోతుంది. బిడ్డ ఒకసారి కదిలేదాకా ఆగి చూస్తే ఏది చర్మమో ఏది పొరో తెలుస్తుంది. బొడ్డుతాడు మెడకి చుట్టుకుని ఉంటే పైనొకటి కిందొకటి కొలిచి సగటు తీస్తారు.

తెల్లకాగితం
@స్కాన్‌గది మెడ వంపు వల్ల 0.6 తీసేసినా 3.5 మిగులుతుంది కదా. అదీ గీత మీదే.

స్కాన్‌గది
అవును. ఈ వారాల్లో ఏ సైజు బిడ్డకైనా 100లో 99 మందికి ఎన్టీ 3.5 లోపే ఉంటుంది. అందుకే 3.5 దాటితే దారి మారుతుంది. మళ్లీ కొలిపించుకోమన్నది 4.1ని చెరిపేయడానికి కాదు. ఫీటల్ మెడిసిన్ (కడుపులో బిడ్డ వైద్యం) వాళ్ల చేతిలో ఇంకోసారి స్కాన్ పడితే గుండె, పొట్ట గోడ, మూత్రాశయం, కాళ్లూ చేతులూ కూడా ఈ వారంలోనే ఒకసారి చూస్తారు. రెండో స్కాన్ అసలు లాభం అదే.

లెక్కలబడి
ఎంత భయపడాలి అని అడిగారు కాబట్టి అంకెలు. ఎన్టీ కొలతని 1992లో లండన్‌లో కిప్రోస్ నికోలాయిడెస్ బృందం వెలుగులోకి తెచ్చింది. తర్వాత అదే దారిలో పోగైన లెక్క ఇది. ఎన్టీ 3.5 నుంచి 4.4 మధ్య ఉన్నవాళ్లలో క్రోమోజోమ్ తేడా 100లో సుమారు 21 మందికి కనిపించింది. 4.5 నుంచి 5.4 మధ్య 33. 6.5 దాటితే 64, 65. అన్నీ కలుపుకుని చివరికి పెద్ద లోపమేమీ లేకుండా పుట్టినవాళ్లు: 3.5-4.4 వాళ్లలో 100కి 70, తర్వాతి మెట్టులో 50, ఆపైన 30, 6.5 దాటితే 15.

మీది మొదటి మెట్టు. 100లో 70 మంది బాగున్న మెట్టు. అలాగని మిగతా 30 మందిని పక్కన పెట్టే అంకె కూడా కాదు.

పొద్దుపొడుపు
నిప్ట్ 99 శాతం కరెక్టు అంటారుగా. రక్తం ఇస్తే చాలు, బిడ్డ దగ్గరికి సూది వెళ్లదు. ముందు అదే చేయించుకోవడం మంచిది కదా?

జన్యుదారి
@పొద్దుపొడుపు ఇక్కడే ఇద్దరు డాక్టర్ల తేడా. నిప్ట్ తల్లి రక్తంలో తేలే మాయ తాలూకు డీఎన్ఏ ముక్కల్ని లెక్కపెడుతుంది. ముఖ్యంగా 21, 18, 13 క్రోమోజోములు ఎక్కువున్నాయా అని చూస్తుంది (21 ఎక్కువైతే డౌన్ సిండ్రోమ్), కొన్ని ల్యాబులు ఎక్స్, వై కూడా. ఎన్టీ మామూలుగా ఉండి, వయసు వల్లనో, డబుల్ మార్కర్ (మొదటి మూడు నెలల్లో తల్లికి చేసే రక్త పరీక్ష) అంకె వల్లనో అనుమానం వస్తే నిప్ట్ చక్కటి పరీక్ష.

కానీ ఎన్టీ 3.5 దాటినప్పుడు మన ప్రశ్న ఆ మూడింటితో ఆగదు. నూనన్ సిండ్రోమ్ ఉంది, గుండె మీదా ఎదుగుదల మీదా ప్రభావం చూపుతుంది, అది ఒక్క జన్యువులో వచ్చే మార్పు, మామూలు నిప్ట్‌కి దొరకదు. చిన్న చిన్న క్రోమోజోమ్ ముక్కలు పోవడం ఉంది. గుండె లోపం ఉంది, దానికి ఏ క్రోమోజోమ్ తేడా లేకపోవచ్చు. నిప్ట్ నార్మల్ అని రాగానే అంతా తేలిపోయిందని అందరూ ఇంటికెళ్లిపోతారు. "సూది పరీక్షకి రండి" అన్న డాక్టరు భయం అదే.

పొద్దుపొడుపు
అంటే నిప్ట్ నార్మల్ వచ్చినా నార్మల్ కాదా?

జన్యుదారి
"ఏ పరీక్షకి నార్మల్?" అని అడగండి. ఈ దారిలో ప్రతి రిపోర్టు దగ్గరా ఆ మాట అడగాలి.

ఉమ్మెత్తపూలు
నా అభిప్రాయం వేరు. సూది పరీక్షంటే గర్భం పోయే ప్రమాదం 1 శాతం. 100లో ఒకటి చిన్నదేం కాదు. నిప్ట్ ముందు చేసి, అందులో తేడా వస్తేనే సూది అనడం తెలివైన పని.

లెక్కలబడి
@ఉమ్మెత్తపూలు ఆ 1 శాతం ఎక్కడిదంటే, 1986లో డెన్మార్క్‌లో 4,606 మంది మీద జరిగిన పరీక్ష. ఉమ్మనీరు తీసిన వాళ్లలో 1.7 శాతం, తీయని వాళ్లలో 0.7 శాతం గర్భాలు పోయాయి. తేడా 1. అప్పటి స్కాన్ యంత్రాలకీ ఇప్పటివాటికీ పోలికే లేదు. తర్వాత వచ్చిన పెద్ద లెక్కల్లో, చేయి తిరిగిన వాళ్లు చేస్తే, పరీక్ష వల్ల అదనంగా పడే ప్రమాదం 0.1 నుంచి 0.3 శాతం. అంటే 1,000 మందిలో ఒకరి నుంచి ముగ్గురు. ఇటు ఎన్టీ 4.1కి క్రోమోజోమ్ తేడా ఉండే అవకాశం 1,000లో సుమారు 210. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఉమ్మెత్తపూలు
లెక్క సరే, ఒప్పుకుంటున్నా. కానీ ఆ ముగ్గురిలో ఒకరైతే వాళ్లకి అది 1,000లో మూడు కాదు, మొత్తం. ఆ భయాన్ని కొట్టిపారేయొద్దు.

లెక్కలబడి
కొట్టిపారేయట్లేదండి. సూది వద్దనుకుని, నిప్ట్, టిఫా (ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్), గుండె స్కాన్లతో వెళ్లేవాళ్లదీ సరైన దారే. ఏం తెలుస్తుందో ఏం తెలియదో ముందే తెలిసి వెళ్లాలి, అంతే.

నర్సుచేతులు
సూది పరీక్ష అని కలిపేస్తున్నారు, అవి రెండు. కొత్తచిగురు గారికి ఇప్పుడు 12 వారాలు దాటాయి కాబట్టి రెండూ చెప్తాను.

సీవీఎస్ అంటే మాయ నుంచి చిన్న ముక్క తీయడం. 11 నుంచి 14 వారాల మధ్య చేస్తారు. 10 వారాల లోపు చేయరు, చేతులూ కాళ్లూ ఎదిగే దశకి దెబ్బ. మాయ ముందు గోడకి ఉంటే పొట్ట మీద నుంచి సూది సులువుగా వెళ్తుంది. వెనక గోడకి ఉంటే కష్టం, కొన్నిసార్లు కింది నుంచి సన్నటి గొట్టంతో తీస్తారు, లేదా ఆమ్నియో దాకా ఆగమంటారు.

ఆమ్నియో అంటే ఉమ్మనీరు తీయడం. 15 వారాలు నిండాకే. అంతకుముందు బిడ్డ చుట్టూ ఉన్న రెండు పొరలూ పూర్తిగా అతుక్కోవు, నీరు కారే ప్రమాదం, పాదం వంకర వచ్చే ప్రమాదం పెరుగుతాయి. స్కాన్ తెర మీద సూది మొనని కళ్లు తిప్పకుండా చూస్తూనే లోపలికి తీసుకెళ్తారు. 15, 20 మి.లీ. తీస్తారు, లేత గడ్డి రంగులో ఉంటుంది. మొదటి ఒకటి రెండు మి.లీ. పక్కన పెడతారు, తల్లి కణాలు కలిసి ఉంటాయని. సూది లోపల ఉండేది ఒకటి రెండు నిమిషాలే. గర్భాశయం గోడ దాటేటప్పుడు బహిష్టు నొప్పిలాంటి పిండినట్టు నొప్పి వస్తుంది. బిడ్డ పోగొట్టుకున్న నీరు మళ్లీ తయారైపోతుంది.

కొత్తచిగురు
మాయ వెనక వైపు ఉందని రిపోర్టులో ఉంది. ఆమ్నియో తర్వాత వారం రోజులు మంచం మీదే ఉండాలా?

నర్సుచేతులు
అక్కర్లేదు. మంచం మీద పడుకున్నంత మాత్రాన ప్రమాదం తగ్గుతుందని ఎక్కడా తేలలేదు. ఆ రోజూ మర్నాడూ బరువులెత్తకుండా నెమ్మదిగా ఉంటే చాలు. చూసుకోవాల్సినవి: కింద నీరు కారడం, రక్తం, జ్వరం లేదా చలి, తగ్గకుండా పెరిగే నొప్పి. వీటిలో ఏది వచ్చినా పొద్దున దాకా ఆగకుండా వెళ్లాలి. కొద్దిగా పిండినట్టు నొప్పి ఒక పూట ఉండొచ్చు.

మీ బ్లడ్ గ్రూప్ ఏమిటి? నెగటివ్ అయితే సూది పరీక్ష అయిన 72 గంటల్లోపు యాంటీ-డి (తల్లీబిడ్డల రక్తం పడకపోవడాన్ని ఆపే) ఇంజెక్షన్ పడాలి. హడావుడిలో ఇది మర్చిపోయేవాళ్లు ఉన్నారు. గ్రూప్ కాగితం చేతిలో పట్టుకెళ్లండి.

తెల్లకాగితం
సీవీఎస్‌లో తప్పు రిపోర్టు వస్తుందని విన్నాను. నిజమేనా?

జన్యుదారి
తప్పు అనడం సరికాదు, అది మాయ గురించి నిజమే చెబుతుంది. మాయా బిడ్డా ఒకే కణం నుంచి మొదలైనా, మధ్యలో మాయలో మాత్రమే క్రోమోజోమ్ తేడా వచ్చి బిడ్డ మామూలుగా ఉండొచ్చు. సీవీఎస్‌లలో 1, 2 శాతం దాకా ఇలా కలగలుపు కణాలు కనిపిస్తాయి, వాటిలో ఎక్కువ భాగం మాయకే పరిమితం. అప్పుడు ఆమ్నియోతో ఖాయం చేసుకుంటారు.

నిప్ట్ కూడా చదివేది మాయ డీఎన్ఏనే కాబట్టి అదే తిరకాసు దానికీ ఉంది. నిప్ట్‌లో తేడా వచ్చి, స్కాన్‌లో ఏమీ కనిపించకపోతే, సీవీఎస్ కంటే ఆమ్నియో దాకా ఆగడమే మేలంటారు. ఒకే చోట రెండుసార్లు అడిగితే ఒకే జవాబు వస్తుంది కదా. నిప్ట్‌ని తప్పుదోవ పట్టించేవి ఇంకా ఉన్నాయి: కవలల్లో ఒకటి మొదట్లోనే కరిగిపోవడం, తల్లికే ఎక్స్ క్రోమోజోమ్ కొన్ని కణాల్లో తక్కువుండటం.

చినుకుచినుకు
మా గ్రూపులో ఒకరికి నిప్ట్ "హై రిస్క్" అని వచ్చింది. రిపోర్టులో 99 శాతం అని ఉందట. ఇక ఆశ లేదని వాళ్లు మరో పరీక్షే వద్దనుకుంటున్నారు. ఇది వేరే ప్రశ్న అనుకోండి, కానీ ఇక్కడ తెలిసినవాళ్లున్నారని.

లెక్కలబడి
@చినుకుచినుకు వాళ్లని ఆపండి, ఇది చదివించండి. ఆ 99 శాతం అర్థం "డౌన్ ఉన్న 100 గర్భాల్లో 99ని పరీక్ష పట్టుకుంటుంది" అని. "హై రిస్క్ వచ్చిన 100 మందిలో 99 మందికి డౌన్ ఉంది" అని కాదు.

25 ఏళ్ల వాళ్లు 10,000 మందిని తీసుకోండి. 12 వారాల దగ్గర డౌన్ ఉన్న గర్భాలు సుమారు 10. నిప్ట్ ఆ పదినీ దాదాపు పట్టేస్తుంది. మిగతా 9,990 మందిలో 0.1 శాతం, అంటే మరో 10 మందికి, ఏమీ లేకుండానే హై రిస్క్ అని వస్తుందనుకోండి. మొత్తం హై రిస్క్ కాగితాలు 20, అందులో నిజమైనవి 10. సగానికి సగం! తప్పుడు గుర్తింపు 0.05 శాతమే అయితే మూడింట రెండు నిజం. అదే 40 ఏళ్ల వాళ్లయితే 10,000లో నిజంగా ఉన్నవే 140 దాకా ఉంటాయి, తప్పుడువి అదే 10. అప్పుడు 100లో 93 నిజం. ఒకే పరీక్ష, ఒకే కాగితం, మనిషిని బట్టి అర్థం మారుతుంది. 13, ఎక్స్ విషయంలో ఇంకా జాగ్రత్త, అవి మరీ అరుదు కాబట్టి తప్పుడు గంటల వాటా ఎక్కువ.

ఖాయం చేసే పరీక్ష లేకుండా గర్భం మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

చినుకుచినుకు
బోర్డు మీద వేసి చూపించినట్టుంది మాస్టారూ. అలాగే పంపించేశాను.

తెల్లకాగితం
దీనికి తోడు "నో కాల్" అని వచ్చేవి కూడా చెప్పండి. చాలామంది దాన్ని నార్మల్ అనుకుంటారు.

జన్యుదారి
అది ఫలితం రాకపోవడం, మంచిదనీ చెడ్డదనీ కాదు. తల్లి రక్తంలో మాయ డీఎన్ఏ వాటా సుమారు 4 శాతం లోపుంటే చాలా ల్యాబులు చెప్పలేమంటాయి. మరీ ముందు వారాల్లో తీసినా, తల్లి బరువు ఎక్కువైనా అలా జరుగుతుంది. కానీ 18, 13 ట్రైసోమీల్లో (ఆ క్రోమోజోమ్ రెండుకి బదులు మూడుండటం), ట్రిప్లాయిడీలో (అన్ని క్రోమోజోములూ మూడేసి ఉండటం) మాయ చిన్నదిగా ఉండి కూడా ఆ వాటా తగ్గుతుంది. అందుకే నో కాల్ వస్తే ఊరికే ఇంకోసారి రక్తం ఇచ్చేసి రాకుండా, ఒక మంచి స్కాన్ చూసుకుని డాక్టరుతో మాట్లాడాలి.

కొత్తచిగురు
ఫీటల్ మెడిసిన్‌లో మళ్లీ కొలిచారు. 3.9. గుండె నాలుగు గదులూ ఉన్నట్టే కనిపిస్తోంది గానీ ఇంత చిన్నప్పుడు ఖాయంగా చెప్పలేం అన్నారు. మాయ వెనకే. 16 వారాలకి ఆమ్నియో రాసుకున్నాం. ల్యాబు ఫారంలో క్యూఎఫ్-పీసీఆర్, క్యారియోటైప్, మైక్రోఅరే అని మూడు గడులున్నాయి. ఏది టిక్కు పెట్టాలి?

జన్యుదారి
మూడూ మూడు ప్రశ్నలకి జవాబులు.

క్యూఎఫ్-పీసీఆర్ త్వరగా వస్తుంది, రెండు మూడు పని దినాలు. 21, 18, 13, ఎక్స్, వై ఎన్నున్నాయో లెక్కపెడుతుంది. అంతే.

మైక్రోఅరే అన్ని క్రోమోజోముల్లోనూ చిన్న ముక్కలు తగ్గాయా పెరిగాయా చూస్తుంది, సాధారణంగా ఒకటి రెండు వారాలు. 22వ క్రోమోజోమ్‌లో పోయే ముక్క లాంటివి ఇందులోనే దొరుకుతాయి. అది సుమారు 3 మెగాబేసులుంటుంది (డీఎన్ఏ పొడవుకి కొలత), క్యారియోటైప్ కంటికి 5, 10 మెగాబేసుల కంటే చిన్నవి ఆనవు. ఎన్టీ పెరిగి క్యారియోటైప్ మామూలుగా ఉన్నవాళ్లలో అరే వల్ల అదనంగా బయటపడేవి 100లో సుమారు 5.

క్యారియోటైప్‌కి కణాల్ని పెంచాలి కాబట్టి రెండు వారాలు, కొన్నిసార్లు ఎక్కువ. క్రోమోజోములు ఎలా అమరి ఉన్నాయో చూపిస్తుంది. క్యూఎఫ్-పీసీఆర్‌లో డౌన్ అని తేలితే ఇది తప్పనిసరి. మూడో 21 విడిగా ఉందా, ఇంకో క్రోమోజోమ్‌కి అతుక్కుని ఉందా అన్నది దీనిలోనే తెలుస్తుంది. అతుక్కున్న రకం 100లో మూడు నాలుగే. కానీ అది తల్లి నుంచి వచ్చి ఉంటే మళ్లీ గర్భంలో 10, 15 శాతం దాకా అవకాశం, తండ్రి నుంచైతే 1 శాతం దాకా.

మీ ఎన్టీకి క్యూఎఫ్-పీసీఆర్ ముందు, అది మామూలుగా వస్తే మైక్రోఅరే. ఫారం మీద ఇంకో మాట రాయించండి: "మిగిలిన డీఎన్ఏ భద్రపరచాలి." రేపు గుండె స్కాన్‌లో ఏదైనా కనిపించి నూనన్ జన్యువులో, ఎక్సోమో (దాదాపు జన్యువులన్నీ చదివే పరీక్ష) చూడాల్సి వస్తే మళ్లీ సూది అక్కర్లేదు.

నర్సుచేతులు
దానికి తోడు మీ రక్తం, బిడ్డ తండ్రి రక్తం కూడా ఆ రోజే ఇచ్చేయండి. మీ నమూనా ఉంటే ఉమ్మనీటిలో మీ కణాలు కలిశాయా అని ల్యాబు సరిచూసుకుంటుంది. నమూనా సీసాల మీద పేరు, తేదీ మీ కళ్ల ముందే రాయించండి.

ఉమ్మెత్తపూలు
అరేలో "అర్థం తెలియని మార్పు" అని వస్తే? ఆ గోల పడలేక చాలామంది అరే చేయించుకోవడమే తప్పనుకుంటున్నారు.

జన్యుదారి
నిజమే, ముందే మాట్లాడుకోవాల్సిన సంగతి. అలాంటి మార్పు వస్తే అమ్మానాన్నల నమూనాలో అదే ఉందా అని చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న తల్లిలోనో తండ్రిలోనో ఉంటే ఎక్కువసార్లు నిమ్మళం. అందరికీ కాదు, ఒకే మార్పు ఒకరిలో ఏమీ చేయకుండా ఇంకొకరిలో బయటపడేవి కొన్ని ఉన్నాయి. ఏ రకం మార్పులు మాకు చెప్పాలి, ఏవి వద్దు అని నమూనా ఇచ్చేముందే ల్యాబుతో అనుకోవచ్చు.

పొద్దుపొడుపు
ఒక సందేహం, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. ఏం వచ్చినా బిడ్డని ఉంచుకుంటాం అనుకునేవాళ్లకి ఈ పరీక్షలన్నీ ఎందుకు?

చిన్నిగుండె
@పొద్దుపొడుపు మంచి ప్రశ్న. వద్దనుకునే హక్కు పూర్తిగా ఉంది. కానీ ఉంచుకునేవాళ్లకే కొన్ని జవాబులు ఎక్కువ పనికొస్తాయి. డౌన్ ఉన్న పిల్లల్లో 40, 50 శాతం మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఎక్కువగా చూసేది గుండె మధ్య గోడా కవాటాలూ కలిసి ఉండిపోయే ఏవీఎస్‌డీ. దానికి సాధారణంగా మొదటి ఆరు నెలల్లో ఆపరేషన్ చేస్తారు. కొందరికి పుట్టగానే పేగు మూసుకుపోయి ఉంటుంది, పాలు పట్టకముందే తెలియాలి. పుట్టిన నిమిషం నుంచి ప్రాణవాయువు, మందు అవసరమయ్యే గుండె లోపాలు వేరే ఉన్నాయి. ఆ సంగతి ముందే తెలిస్తే కాన్పు ఎన్‌ఐసీయూ (అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూ), పిల్లల గుండె సర్జన్ ఉన్న చోట పెట్టుకోవచ్చు. పుట్టాక అంబులెన్సులో తిప్పడం, కడుపులో ఉండగానే తీసుకెళ్లడం ఒకటి కాదు.

వెలుగునీడ
గర్భం కొనసాగించలేం అనుకునేవాళ్ల గురించి కూడా ఒకరు మాట్లాడాలి. ఏ దేశంలో ఎన్ని వారాల దాకా, ఎవరి సంతకాలతో అన్నది వేర్వేరు. మీ దగ్గరి గడువు ఎంతో మొదటి రోజే డాక్టరుని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన నిర్ణయం తీసుకున్నట్టు కాదు. 16 వారాలకి ఆమ్నియో, అరే రావడానికి రెండు వారాలు, గుండె స్కాన్ 20కి: క్యాలెండర్ మీద వేసి చూస్తే ఎంత సమయం మిగులుతుందో కనిపిస్తుంది. రోజులు లేక తోసుకుంటూ తీసుకున్న నిర్ణయమే తర్వాత ఎక్కువ బాధపెడుతుంది.

నర్సుచేతులు
@వెలుగునీడ చెప్పినదానికి ఎవరూ ముందుగా చెప్పని ఒక సంగతి కలుపుతాను. మొదటి మూడు నెలల చివరి దాకా అయితే చిన్న ప్రక్రియతో అయిపోతుంది. నెలలు పెరిగాక ఎక్కువ చోట్ల మందులతో నొప్పులు రప్పించి కాన్పులాగే చేస్తారు, ఒకటి రెండు రోజులు పట్టొచ్చు, నొప్పికి మందు అడిగి తీసుకోవచ్చు. బిడ్డని చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం. అప్పుడు వద్దనిపించినా, ఒక ఫొటోనో కాలి ముద్రో తీసి కవరులో పెట్టి ఉంచమని నర్సుని అడగొచ్చు. తర్వాత కావాలనిపిస్తే ఉంటుంది.

16 వారాలు దాటాక అయితే, రెండు నుంచి నాలుగు రోజుల్లో పాలు పడతాయి. చేతిలో బిడ్డ లేకుండా రొమ్ములు గట్టిపడి పాలు కారడం చాలా కోసేస్తుంది, ఎవరూ చెప్పకపోతే ఏం జరుగుతోందో కూడా తెలియదు. బిగువుగా పట్టి ఉంచే లోదుస్తు, చల్లటి కాపడం, పిండకుండా ఉండటం. పాలు రాకుండా మాత్ర ఉంది, బీపీ ఎక్కువున్న వాళ్లకి పడదు, ఇంటికి వెళ్లేముందే డాక్టరుని అడగాలి.

చినుకుచినుకు
ఇది చదివి కాసేపు ఆగిపోయాను. ఇది రాసినందుకు చాలా మంచిపని చేశారు నర్సుగారూ.

వెలుగునీడ
బిడ్డ తండ్రిని కూడా గదిలోనే కూర్చోబెట్టి చెప్పాలి. బయట నిలబెట్టి తర్వాత ఆమె నోటితో చెప్పించడం ఇద్దరికీ అన్యాయం. ఫలితం ఫోన్‌లో చెప్తారా, రమ్మంటారా, ఏ రోజు, ఏ వేళకి, ఇవన్నీ నమూనా ఇచ్చేటప్పుడే తేల్చుకోండి. ఆఫీసులో, బండి నడుపుతూ ఉండగా ఆ ఫోన్ రాకూడదు.

కొత్తచిగురు
క్యూఎఫ్-పీసీఆర్ వచ్చింది. నార్మల్. ఏ పరీక్షకి నార్మల్ అని నేనే అడిగాను, ఆ అమ్మాయి కాస్త ఆశ్చర్యపోయి, "21, 18, 13, ఎక్స్, వై లెక్కకి మాత్రమే, అరే ఇంకా రాలేదు" అని చెప్పింది.

జన్యుదారి
అడగాల్సింది అడిగారు. పెద్ద మూట ఒకటి దిగింది. 100లో 21 అన్న అంకెలో చాలా భాగం ఇవే.

లెక్కలబడి
క్రోమోజోములు మామూలుగా ఉన్న 3.5-4.4 వాళ్లలో పెద్ద లోపాలు 100లో సుమారు 10 మందికి. ఇప్పుడు మీరు నిలబడ్డ మెట్టు అది. అరే, గుండె స్కాన్, టిఫా మూడూ బాగుంటే ఇది ఇంకా చాలా దిగుతుంది, మామూలు గర్భాలకి దగ్గరికి.

కొత్తచిగురు
అరే కూడా వచ్చింది, తేడా ఏమీ లేదన్నారు. డీఎన్ఏ దాచారు. ఇక గుండె స్కాన్. 20 వారాలకి తేదీ ఇచ్చారు. ఏం అడగాలి?

చిన్నిగుండె
మామూలు టిఫాలో గుండెని చూస్తారు, కానీ మీకు కావలసింది ఫీటల్ ఎకో, ప్రత్యేకంగా గుండెకే. 18 నుంచి 22 వారాల మధ్య మంచి సమయం. అడగాల్సినవి: నాలుగు గదులూ సమానంగా ఉన్నాయా, మధ్య కవాటాలు రెండుగా విడివిడిగా ఉన్నాయా, రెండు పెద్ద నాళాలూ ఒకదాన్నొకటి దాటుకుంటూ సరైన గది నుంచి వెళ్తున్నాయా, ఊపిరితిత్తులకి వెళ్లే కవాటం మందంగా ఉందా.

ఆ చివరిది నూనన్ కోసం. మెడ వెనక వాపు ఇంకా ఉండటం, ఛాతీలో నీరు, గుండె కండరం మందం కావడం, ఉమ్మనీరు ఎక్కువవడం, ఇవీ దాని జాడలే. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దాచిన డీఎన్ఏ మీద ఆ జన్యువులు చూడమనండి. నూనన్ వాళ్లలో సుమారు సగం మందికి మార్పు ఉండేది పీటీపీఎన్11 అనే ఒక్క జన్యువులోనే. గుండె కండరం కొందరిలో చివరి మూడు నెలల్లో మందమవుతుంది కాబట్టి, 20లో బాగున్నా 28, 32 వారాల దగ్గర ఇంకోసారి చూస్తారేమో అడగండి.

స్కాన్‌గది
బిడ్డ బోర్లా పడుకుని వెన్ను అడ్డం పెడితే గుండె కనిపించదు. గంటసేపు నడిచి రమ్మంటారు, లేదా వారం తర్వాత రమ్మంటారు. అలా అంటే ఏదో దాస్తున్నారనుకుని కంగారు పడొద్దు. "కనిపించలేదు" అని రాసింది "బాగుంది" అని రాసినట్టు కాదు, ఆ గడి నిండేదాకా వెళ్లండి.

కొత్తచిగురు
ఆ నాలుగు ప్రశ్నలూ కాగితం మీద రాసుకున్నాను. కింద 28, 32 అని కూడా. బిడ్డ తండ్రి గదిలోకి వస్తున్నారు, అడిగి ఒప్పించాం.

నర్సుచేతులు
బ్లడ్ గ్రూప్ ఇంకా చెప్పలేదు మీరు.

కొత్తచిగురు
ఓ నెగటివ్. ఆమ్నియో అయిన రోజు సాయంత్రమే యాంటీ-డి పడింది. కాగితం నేనే చూపించాల్సి వచ్చింది, వాళ్లు అడగలేదు.

నర్సుచేతులు
ఆ ఇంజెక్షన్ తేదీ రాసిన చీటీ ఫైల్లో ముందు పెట్టండి. 28 వారాలకి ఇంకోటి ఉంటుంది, అప్పుడు ఇది అడుగుతారు.